టీవీ రిపోర్టర్ ఉద్యోగం: లైవ్‌లో ‘ఇంకా తెలియదు’ అనగలరా?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. ‘డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను, గొంతు బాగుంటుందని అందరూ అంటారు, కెమెరా ముందు భయం లేదు, టీవీ రిపోర్టర్ అవ్వాలని ఉంది, ఈ ఉద్యోగం లోపల ఎలా ఉంటుంది?’ అన్నది మొదటిది. ఎన్నాళ్లు చేయగలం అన్నది రెండోది. ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది మూడోది. నేను 21 ఏళ్లుగా ఇందులోనే ఉన్నాను. 13 ఏళ్లు బయట మైకు పట్టుకుని తిరిగాను, మిగతావి లోపల డెస్క్‌లో, అంటే వచ్చిన వార్తలు సరిచూసి రాసే చోట. వరసగా చెప్పడం నాకు రాదు, గుర్తొచ్చినట్టు రాస్తాను.

ముందు గొంతు సంగతి తేల్చేద్దాం. గొంతు, ధైర్యం రెండూ పనికొచ్చేవే. కానీ నేను చూసినంతలో ఈ రెండూ ఉన్నవాళ్లే తొందరగా దెబ్బతిన్నారు. వాళ్లకి మాటలు ధారాళంగా వస్తాయి, తెలిసిన విషయం అయిపోయాక కూడా ఆగవు. టీవీ రిపోర్టర్‌కి అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది: చేతిలో సమాచారం అయిపోయింది, లైవ్ ఇంకా నడుస్తోంది, ఇప్పుడు నోట్లోంచి ఏం వస్తుంది?

లైవ్‌లో నిలబడటం అంటే ఏమిటో ఇంట్లో కూర్చుని చూస్తే తెలియదు. చెవిలో ఇయర్‌పీస్ ఉంటుంది. అందులో యాంకర్ మాట్లాడుతుంటారు, ఆ మాటల మీదే పీసీఆర్‌లో, అంటే బులెటిన్ నడిపే గదిలో కూర్చున్న ప్రొడ్యూసర్ ‘త్వరగా’, ‘సాగదీయండి’, ‘ఇంకో నిమిషం’ అంటుంటారు. ఎదురుగా కెమెరామన్ వేళ్లతో లెక్క చూపిస్తుంటాడు, వెనక నుంచి ఎవరో తోస్తుంటారు. మీ చెవికి వచ్చే ఆడియోలోంచి మీ గొంతు ఒక్కటి తీసేసి మిగతాది పంపాలి, ఆ సంగతి లోపల ఎవరైనా మర్చిపోతే మీ మాటే మీకు అర సెకను ఆలస్యంగా వినిపిస్తుంది. ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా నాలుక తడబడుతుంది. ఆ రోజు ఇయర్‌పీస్ పీకేసి మాట్లాడటం తప్ప దారి లేదు. శాటిలైట్ ఉండేది 35,786 కిలోమీటర్ల ఎత్తులో, సిగ్నల్ అక్కడికి ఎక్కి దిగడానికే పావు సెకను పడుతుంది. ప్రశ్న మీ దాకా రావడం, మీ జవాబు స్టూడియోకి వెళ్లడం కలిపితే అర సెకను, దాని మీద పరికరాల ఆలస్యం. ఇప్పుడు ఎక్కువగా వాడే బ్యాగు కిట్లు నాలుగైదు సిమ్‌ల డేటా కలిపి పంపుతాయి, వాటిలో ఇంకా ఎక్కువ ఆలస్యం. యాంకర్ ప్రశ్న వేశాక రిపోర్టర్ బొమ్మలా తల ఊపుతూ నిలబడితే జనం వీడియోలు చేసి నవ్వుకుంటారు కదా, ఆ మనిషికి పాపం ప్రశ్న ఇంకా చేరలేదు.

ఇంత గందరగోళంలో బుర్రలో ఒక మూల ఖాళీగా ఉంచుకుని ‘ఇది నాకు నిజంగా తెలుసా?’ అని అడుగుతూ ఉండాలి. నేను అడగని రోజు ఒకటి ఉంది.

ఉద్యోగంలో నా మూడో ఏడాది. ఒక ఫ్యాక్టరీలో మంటలు. మేము చేరేసరికి ఫైరింజన్లు లోపలికి వెళ్లిపోయాయి, గేటు మూసేశారు. గేటు దగ్గర చొక్కా అంతా మసితో ఒకతను నిలబడి, ఎవరు ఏమడిగినా ‘పదకొండు మంది సార్, పదకొండు మంది’ అంటున్నాడు. ఇంతలో లైవ్ అన్నారు. చెవిలో ప్రొడ్యూసర్, ‘పక్క చానల్ 11 వేసేసింది, మనమెందుకు ఆగాం?’ అంటున్నారు. యాంకర్ ‘ఎంతమంది చనిపోయి ఉండొచ్చు?’ అని అడిగారు. ఉండొచ్చు అన్న మాటలోనే ఉచ్చు ఉందని అప్పటికి నాకు తెలియదు. ‘పదకొండు మంది చనిపోయినట్టు తెలుస్తోంది’ అనేశాను.

11 అన్నది ఆ షిఫ్టులో లోపలికి వెళ్లినవాళ్ల లెక్క. చనిపోయింది నలుగురు. రాత్రి పదిన్నరకి ఆసుపత్రి వరండాలో ఒకావిడ నా మైకు మీద లోగో చూసి దగ్గరికొచ్చింది. అరవలేదు. ‘లోపలున్న పదకొండు మందీ పోయారని మీరే కదా చెప్పారు. మా ఆయన వెనక గోడ దూకాడు, కాలు విరిగింది, అంతే. ఐదు గంటలు నేను...’ అని ఆగిపోయింది. ఆవిడ చేతిలో ఫోన్ ఛార్జింగ్ అయిపోయి ఉంది, దాన్నే గట్టిగా పట్టుకుని నిలబడింది. సారీ అన్నాను. ఇంకేం అనాలో ఇప్పటికీ తెలియదు.

పక్క చానల్‌కి ఆ 11 ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత వాళ్ల రిపోర్టర్‌నే అడిగాను. ‘మీ స్ట్రింగర్ మా వాడికి ఫోన్‌లో చెప్పాడు. మీరు వేసేస్తారని మేమే ముందు వేసేశాం’ అన్నాడు. స్ట్రింగర్ అంటే ఊళ్లో ఉండి చానల్‌కి వార్తలు పంపే విలేకరి. అంటే మా దగ్గర పుట్టిన పుకారు పక్కింటికి వెళ్లి, ముస్తాబై, కన్ఫర్మ్ అయిన వార్తలాగా మా ఇంటికే తిరిగొచ్చింది. ఈ చక్రం ఇప్పుడు సోషల్ మీడియా వల్ల ఇంకా స్పీడుగా తిరుగుతోంది.

అప్పటి నుంచి ‘తెలుస్తోంది’, ‘సమాచారం’, ‘భావిస్తున్నారు’ అనే మూడు మాటలంటే నాకు భయం. మన భాషలో ఎవరు చెప్పారో చెప్పకుండా వాక్యం పూర్తిచేసేయడానికి ఇంత సుఖమైన దారి ఇంకోటి లేదు. ట్రైనీలు ఈ మాటలు వాడితే వెంటనే ‘ఎవరికి తెలుస్తోంది?’ అని అడుగుతాను. ఎస్‌ఐ చెప్పారా, డాక్టర్ చెప్పారా, గేటు దగ్గరి మనిషి చెప్పాడా, అదే నోటితో చెప్పండి. ‘గేటు దగ్గర ఉన్న ఒక కార్మికుడు పదకొండు మంది లోపల ఉన్నారంటున్నారు, చనిపోయినవాళ్ల సంఖ్య అధికారులు ఇంకా చెప్పలేదు’ అంటే సరిపోయేది ఆ రోజు. ఐదారు సెకన్లు ఎక్కువ పట్టేది, అంతే.

ఈ విషయంలో నేను అందరికీ చూపించే రికార్డింగ్ ఒకటుంది. 1963 నవంబర్ 22, అమెరికా అధ్యక్షుడు కెనెడీ మీద కాల్పులు జరిగిన రోజు, అక్కడి సీబీఎస్ చానల్‌లో యాంకర్ వాల్టర్ క్రాంకైట్. ఆ కాలపు స్టూడియో కెమెరాలు వేడెక్కడానికే చాలాసేపు పట్టేది, అందుకని మొదట ఒక బొమ్మ మీద ఆయన గొంతు మాత్రమే వెళ్లింది. తర్వాత స్టూడియోలో కూర్చుని చదువుతున్నారు. కెనెడీ చనిపోయారని డాలస్ నుంచి ఒకదాని తర్వాత ఒకటి కబుర్లు వస్తున్నాయి, ఆసుపత్రి డాక్టర్ చెప్పాడట, తమ కరస్పాండెంట్‌కి కూడా తెలిసిందట. ప్రతిసారీ ఆయన అది ఎవరు చెప్పిందో చెప్పి, అధికారికంగా ధ్రువపడలేదని కూడా చెబుతూ వచ్చారు. చివరికి వార్తా ఏజెన్సీ పంపిన ఫ్లాష్, అంటే అత్యవసర వార్త కాగితం చేతికొచ్చాక కళ్లద్దాలు తీసి, గోడ గడియారం చూసి, దాదాపు 38 నిమిషాల కిందట చనిపోయారని చెప్పారు. అందరూ ఆ కళ్లద్దాల క్షణం చూస్తారు, ఆ గొంతు వణకడం గురించి మాట్లాడతారు. నాకు దానికి ముందున్న భాగమే గొప్పగా అనిపిస్తుంది. నిజమని లోపల తెలిసిపోయి కూడా ఇంకా చెప్పకుండా ఆగడం.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ 2012 జూన్ 28ది. అమెరికా సుప్రీంకోర్టు ఒబామా ఆరోగ్య బీమా చట్టం మీద తీర్పిచ్చింది. సీఎన్ఎన్, ఫాక్స్ న్యూస్ రెండూ అందరూ బీమా తీసుకోవాలన్న కీలకమైన నిబంధనని కోర్టు కొట్టేసిందని ప్రసారం చేశాయి. కోర్టు దాన్ని నిలబెట్టింది! తీర్పు మొదట్లో, వాణిజ్య అధికారం కింద ఈ నిబంధన చెల్లదని ఉంది. ఇంకాస్త ముందుకెళ్తే, పన్ను వేసే అధికారం కింద చెల్లుతుందని ఉంది. మొదటి పేజీలు చదివి పరిగెత్తినవాళ్లు తప్పు చెప్పారు, కాగితాలు తిప్పినవాళ్లు ఒప్పు చెప్పారు. తేడా నిమిషాల్లోనే. కోర్టు బీట్, అంటే కోర్టు వార్తల బాధ్యత ఇచ్చిన ప్రతి కుర్రవాడికీ ఈ కథ చెప్పి, తీర్పు చివరి పేరా ముందు చదవమంటాను, ఆ తర్వాత మొదలుపెట్టమంటాను.

లైవ్‌లో ఇంకో ప్రమాదం ఉంది, చెప్పింది నిజమే అయినా, చూపించిందీ నిజమే అయినా ప్రాణాల మీదికి రావచ్చు. 2008 నవంబర్ ముంబై దాడులప్పుడు కమాండోల కదలికలు టీవీలో లైవ్‌గా వెళ్లాయి. దాడి చేస్తున్నవాళ్లకి అవతల నుంచి ఫోన్‌లో ఆదేశాలిస్తున్నవాళ్లు ఆ టీవీలు చూస్తూనే మాట్లాడారు. కసబ్ కేసులో 2012 ఆగస్టు తీర్పులో సుప్రీంకోర్టు చానళ్ల తీరుని గట్టిగానే తప్పుబట్టింది. 2015లో కేబుల్ టీవీ నిబంధనలు మార్చారు, ఉగ్రవాద నిరోధక ఆపరేషన్ జరుగుతుంటే లైవ్ కుదరదు, నియమించిన అధికారి ఎప్పటికప్పుడు ఇచ్చే బ్రీఫింగ్ మాత్రమే వేయాలి. ఇంటర్వ్యూలో ఇది అడుగుతారు, గుర్తుపెట్టుకోండి.

ఇంతా చదివి రోజంతా లైవులే ఉంటాయనుకునేరు. రోజులో ఎక్కువ భాగం ఎదురుచూడటమే. ఒక ఆఫీసు గేటు ముందు ఆరు గంటలు నిలబడితే కారు అద్దం దించకుండా వెళ్లిపోతారు. ఒక్క బైట్ కోసం, అంటే పదిహేను సెకన్ల మాట కోసం పొద్దున్నుంచి సాయంత్రం దాకా. నాలాంటి ఆడవాళ్లకి ఈ ఎదురుచూపుల్లో అన్నిటికన్నా పెద్ద సమస్య బాత్రూమ్, దీని గురించి ఏ జర్నలిజం కోర్సులోనూ చెప్పరు. నీళ్లు తాగడం తగ్గించేసి నేనూ నా తోటి రిపోర్టర్లూ చాలామందిమి ఆరోగ్యం పాడుచేసుకున్నాం. మీరు అమ్మాయో అబ్బాయో రాయలేదు, ఎవరైనా సరే, నీళ్లు తాగండి, స్పాట్‌కి వెళ్లగానే ఆ చుట్టుపక్కల బాత్రూమ్ ఎక్కడుందో ముందు కనుక్కోండి. ఇది నవ్వులాటకి చెప్పడం లేదు.

ఆ ఎదురుచూపులోనే పని నేర్చుకుంటారు, ముఖ్యంగా కెమెరామన్ దగ్గర. నా మొదటి కెమెరామన్ అన్న నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద. మొదటి వారంలో ఒకరోజు స్పాట్‌లో దిగగానే మైకు తీసి మాట్లాడబోతుంటే, ‘ఉండమ్మా, ముందు చూడు. నువ్వు చూడకుండా నన్నేం తీయమంటావు?’ అన్నాడు. ఆయన ఏ షాటైనా కెమెరా కదపకుండా పది సెకన్లు తీసేవాడు. చెయ్యి వణికినా, ఎవరైనా తోసినా, మళ్లీ మొదటి నుంచి పది. ఎందుకంటే ఎడిటింగ్‌లో నాలుగు సెకన్లు కావాలంటే అటూ ఇటూ మిగులు ఉండాలి. ముందు అంతా కనబడేలా వైడ్, తర్వాత మిడ్, తర్వాత దగ్గరగా క్లోజ్. కూలిన గోడ ఒక షాట్, ఆ గోడకి ఇంకా వేలాడుతున్న క్యాలెండర్ ఒక షాట్. స్క్రిప్ట్ రాసేటప్పుడు ఆ క్యాలెండర్ షాట్ మీద నేను ఒక్క మాట కూడా రాయకుండా ఊరుకోవడం నేర్చుకోవడానికి రెండేళ్లు పట్టింది. అక్కడి చప్పుడు అలాగే వదిలేస్తే చాలు, దాన్ని మేము యాంబియన్స్ అంటాం. విజువల్‌లో కనిపిస్తున్నదే మళ్లీ నోటితో చెప్పడం అన్నిటికన్నా పెద్ద దండగ.

రాయడం గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే టీవీ అంటే రాయక్కర్లేదనుకుని వచ్చేవాళ్లే ఎక్కువ. పేపర్ చదివేవాళ్లకి అర్థం కాకపోతే పైకి వెళ్లి మళ్లీ చదువుకుంటారు. టీవీలో మాట ఒక్కసారే వినిపిస్తుంది. మొదట్లో నేను ‘సంఘటనా స్థలానికి హుటాహుటిన చేరుకున్న పోలీసులు క్షతగాత్రులను చికిత్స నిమిత్తం ఆసుపత్రికి తరలించారు’ లాంటివి గర్వంగా రాసుకొచ్చేదాన్ని. మా డెస్క్ ఇన్‌చార్జి సార్ ఒకసారి అది నా చేతే పైకి చదివించి, ‘ఇంటికెళ్లి మీ అమ్మకి ఇలాగే చెప్తావా?’ అన్నారు. పోలీసులు వచ్చారు, గాయపడ్డవాళ్లని ఆసుపత్రికి తీసుకెళ్లారు. అంతే కదా. ‘హుటాహుటిన’ అన్న మాట నేను మళ్లీ రాయలేదు. అయినా పోలీసులు నింపాదిగా వచ్చారని ఎప్పుడైనా రాశామా, హుటాహుటిన అని విడిగా చెప్పడానికి?

ఇంగ్లీష్ న్యూస్‌రూమ్‌లలో సెకనుకి మూడు పదాలు అని ఒక లెక్క ఉంది, ముప్పై సెకన్ల వార్తకి తొంభై పదాలు. ఆ లెక్క పట్టుకుని తెలుగులో రాస్తే మునిగిపోతారు. ‘చేయించుకోవాల్సివచ్చిందంటున్నారు’ అని ఇంగ్లీషువాళ్ల వాక్యమంతా మనం ఒక్క పదంలో చెప్పేస్తాం. అందుకని పదాలు లెక్కపెట్టకండి, స్టాప్‌వాచ్ పెట్టుకుని పైకి చదవండి. అంకెలు కూడా అంతే. కాగితం మీద 1,37,482 అని ఉంటే ‘లక్షా ముప్పై ఏడు వేలకు పైగా’ అని రాయండి, యాంకర్ ఊపిరి తీసుకోవాలి, వినేవాళ్లకి గుర్తుండాలి. యాంకర్లు చూసి చదివే టెలీప్రాంప్టర్ ఉంటుంది కదా, లెన్స్ ముందు వాలుగా పెట్టిన అద్దంలో అక్షరాలు కనబడతాయి, అది ఒక్కోసారి ఆగిపోతుంది. అప్పుడు టేబుల్ మీదున్న కాగితమే దిక్కు. కాగితం చూడకుండా ప్రాంప్టర్‌నే నమ్ముకున్నవాళ్ల మొహం ఆ నాలుగు సెకన్లలో ఎలా మారుతుందో నేను పీసీఆర్‌లోంచి చాలాసార్లు చూశాను.

టెక్నాలజీ గురించి కంగారు వద్దు, అది ఎలాగూ మారిపోతూనే ఉంటుంది. టెడ్ టర్నర్ 1980 జూన్ 1న అట్లాంటాలో సీఎన్ఎన్ మొదలుపెట్టినప్పుడు 24 గంటలూ వార్తలెవరు చూస్తారన్నారు. 1991 జనవరిలో బాగ్దాద్ మీద బాంబులు పడుతుంటే అల్ రషీద్ హోటల్ గదిలోంచి బెర్నార్డ్ షా, పీటర్ ఆర్నెట్, జాన్ హాలిమన్ చెప్పింది ప్రపంచమంతా విన్నది. ఆ రాత్రి వాళ్ల దగ్గర లైవ్ పిక్చర్ లేదు, ప్రత్యేకంగా వేయించుకున్న టెలిఫోన్ లైను ఒకటి ఉంది. మా టీవీ భాషలో చెప్పాలంటే అది ఫోనో, అంటే ఫోన్‌లోనే చెప్పే వార్త, స్క్రీన్ మీద మ్యాపు, పక్కన వాళ్ల ఫొటోలు. కిటికీలోంచి తాము చూస్తున్నది చెప్పారు, శబ్దం వినిపించారు. చూసింది చెప్పడానికి ఏ కిట్ అయినా సరిపోతుంది, చూడనిది చెప్పడానికే గ్రాఫిక్స్ కావాలి.

ఇక మనసు మీద పడే దెబ్బ. దీన్ని మా తరంవాళ్లం ‘అలవాటైపోతుంది’ అని కొట్టిపారేశాం, తప్పు చేశాం. కెనడాలో ఆంథనీ ఫైన్‌స్టీన్ అనే సైకియాట్రిస్ట్ యుద్ధ రిపోర్టర్ల మీద చేసిన పరిశోధన 2002లో వచ్చింది. వాళ్లలో 28.6 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పీటీఎస్‌డీ, అంటే ఘోరం చూశాక మనసుని వదలని జబ్బు, వచ్చినట్టు తేలింది. నాకు ఇంకా దగ్గరగా అనిపించింది అదే బృందం 2014లో డెస్క్‌లో కూర్చుని జనం పంపిన ఘోరమైన వీడియోలు చూసేవాళ్ల మీద చేసిన పని. ఒక్కసారిగా ఎంతసేపు చూశారన్నదానికన్నా, ఎంత తరచుగా చూడాల్సి వచ్చిందన్నదే మనిషిని ఎక్కువ కుంగదీస్తోందని అందులో చెప్పారు. ప్రమాదానికి వెళ్లినవాళ్లకి అందరూ ధైర్యం చెప్తారు. ఏసీ గదిలో అదే సీసీటీవీ క్లిప్‌ని బ్లర్ చేయడానికి నలభైసార్లు వెనక్కీ ముందుకీ తిప్పిన ఎడిటర్‌ని ఎవరూ పలకరించరు. నేను లోపలికి వచ్చాక ఒక పద్ధతి పెట్టాను, అలాంటి క్లిప్ ఒక్కరే చూడాలి, చూసినవాళ్లు సౌండ్ తీసేసి చూడాలి, తర్వాతి క్లిప్ ఇంకొకరికి వెళ్లాలి. గొప్ప పద్ధతేమీ కాదు, కానీ రాజీనామా చేయబోయిన ఒక కుర్రాడు దాని వల్లే ఆగాడని తర్వాత చెప్పాడు.

ప్రాణభయం గురించి అడగలేదు గానీ, అది కూడా ఉంది. షిరీన్ అబూ అక్లే అనే పాలస్తీనా రిపోర్టర్ అల్ జజీరా చానల్‌కి 1997 నుంచి పనిచేశారు. 2022 మే 11న వెస్ట్ బ్యాంక్‌లోని జెనిన్‌లో హెల్మెట్, ప్రెస్ అని రాసిన జాకెట్ వేసుకుని ఉండగానే కాల్పుల్లో చనిపోయారు. 25 ఏళ్ల అనుభవం, అన్ని జాగ్రత్తలు. ఏ వార్తా ప్రాణం కన్నా ఎక్కువ కాదని పైవాళ్లందరూ అంటారు. కానీ ‘ఇంకాస్త ముందుకెళ్లండి’ అని చెవిలో వినిపించినప్పుడు ‘వెళ్లను’ అనాల్సింది మీరే, మీ పక్కన ఉన్న కెమెరామన్ కళ్లు వ్యూఫైండర్‌లో ఉంటాయి కాబట్టి ఆయన తరఫున కూడా మీరే అనాలి.

రేటింగుల సంగతి క్లుప్తంగా. వారం వారం అంకెలొస్తాయి, ఆ రోజు అందరికీ టెన్షన్. 2020 అక్టోబర్‌లో రేటింగుల్లో అక్రమాలు జరిగాయన్న ఆరోపణల తర్వాత, టీవీ రేటింగులు లెక్కగట్టే సంస్థ బార్క్ న్యూస్ చానళ్లకి విడివిడిగా రేటింగ్ ఇవ్వడం ఆపేసింది, మళ్లీ 2022 మార్చిలో గానీ మొదలవ్వలేదు. అంకెలు లేకపోతే అరుపులు తగ్గుతాయని మేమంతా సంబరపడ్డాం. మా దగ్గరైతే ఏమీ తగ్గలేదు. అప్పుడర్థమైంది, అరవడం రేటింగ్ కోసమే అనుకున్నాం గానీ చాలావరకు అలవాటైపోయిందని.

ఎన్నాళ్లు చేయగలం అన్నారు. ఫీల్డ్‌లో కాళ్లు, నడుము సహకరించినన్నాళ్లు. స్క్రీన్ మీద అయితే, ముఖ్యంగా ఆడవాళ్లకి, లెక్క వేరు. అమెరికాలో క్రిస్టీన్ క్రాఫ్ట్ అనే యాంకర్‌ని 1981లో పక్కన పెట్టారు. వయసైపోయింది, అందంగా లేదు, మగవాళ్లకి అణకువగా లేదు అన్నది కారణమని ఆమె బయటపెట్టి కోర్టుకెళ్లింది. అప్పటికి ఆమెకి నలభై కూడా లేవు. జ్యూరీ ఆమె వైపే చెప్పింది, పై కోర్టుల్లో నిలవలేదు. ఇప్పుడు ఆ మాట ఎవరూ పైకి అనరు, ‘ఫ్రెష్ ఫేస్ కావాలి’ అంటారు. నాకూ అన్నారు. ఒక వారం బాధపడ్డాను, తర్వాత డెస్క్‌లో కూర్చుంటే నా పాత నోట్‌బుక్‌లు ఎంత విలువైనవో తెలిసింది. ఒక సమస్య పదేళ్ల కిందట ఎక్కడ మొదలైందో, అప్పుడు ఎవరు ఏం హామీ ఇచ్చారో నా దగ్గర రాసి ఉంది, ఫ్రెష్ ఫేస్ దగ్గర లేదు. అందుకే నోట్‌బుక్‌లు పారేయకండి, తారీఖు వేసి దాచండి.

నోట్‌బుక్ ఇంకోదానికీ పనికొస్తుంది. అనుభవం పెరిగేకొద్దీ మన కథలు మన నోట్లోనే పెరుగుతాయి. బ్రయాన్ విలియమ్స్ అని అమెరికాలో ఎన్బీసీ చానల్ పెద్ద యాంకర్, 2003లో ఇరాక్‌లో తాను ఎక్కిన హెలికాప్టర్ మీదే దాడి జరిగిందని చెప్పుకున్నారు. దాడి జరిగింది ఆయన ఎక్కింది కాదు, వేరేది. దాడి జరిగినదాంట్లో ఉన్న సైనికులే ఆయన అందులో లేరని చెప్పాక, 2015 ఫిబ్రవరిలో ఆరు నెలలు జీతం లేకుండా పక్కన పెట్టారు. నేను పైన ఫ్యాక్టరీ కథ రాసే ముందు కూడా పాత నోట్‌బుక్ తీసి చూశాను. ఆవిడ నాతో ఆరు గంటలు అందని నాకు గుర్తు, నోట్‌బుక్‌లో ఐదే ఉంది.

జీతాలు, ఇల్లు: మొదటి ఏళ్లలో జీతం తక్కువ, స్ట్రింగర్ అయితే చాలాచోట్ల వార్తకింత అని లెక్క. సెలవు రోజు ఫోన్ మోగుతుంది, అది ఆపరు, ఆగదు. ఇంట్లోవాళ్లకి వార్తల టైమ్ ముందే చెప్పేయండి, ‘వచ్చేస్తాను’ అని మాత్రం చెప్పకండి. నేను చెప్పి రాని రోజులు మా అమ్మాయికి లెక్కతో సహా గుర్తున్నాయి.

మొదలు ఎక్కడ అంటే, నా సలహా మీకు నచ్చకపోవచ్చు. యాంకర్ ఆడిషన్లకి తిరగకండి. డెస్క్‌లో ట్రైనీగా చేరండి. అక్కడ రోజుకి వందల లైన్లు మీ ముందు నుంచి వెళ్తాయి, ఏది ఎక్కడి నుంచి వచ్చింది, ఏది రాత్రికి తప్పని తేలింది అన్నది కళ్లారా చూస్తారు. ఏ రిపోర్టర్ ఫోన్ చేసి ‘కన్ఫర్మ్’ అంటే నమ్మొచ్చో, ఎవరు అంటే ఇంకోసారి అడగాలో మూడు నెలల్లో తెలిసిపోతుంది. ఆ తర్వాత ఫీల్డ్‌కి వెళితే, లోపల కూర్చున్నవాళ్లు మిమ్మల్ని ఏ జాబితాలో వేస్తారో మీకు తెలిసే ఉంటుంది. కోర్సు చేస్తే మంచిదే, కెమెరా, ఎడిటింగ్ కొంచెం తగులుతాయి. కానీ కోర్సు కంటే ఏదో ఒక విషయం బాగా తెలిసి ఉండటం ఎక్కువ పనికొస్తుంది, చట్టమో, లెక్కలో, వ్యవసాయమో, వైద్యమో. బడ్జెట్ కాగితం చదవగలిగే రిపోర్టర్‌ని ఏ చానలూ వదులుకోదు.

దానికి ముందు ఇంట్లో కూర్చుని ఒక పని చేయండి. ఏదైనా పెద్ద సంఘటన జరిగినప్పుడు ఒక లైవ్ రికార్డు చేసుకుని, ఒక కాగితం మీద మూడు గళ్లు గీయండి. రిపోర్టర్ తన కళ్లతో చూసి చెప్పింది మొదటి గడిలో, ఫలానావాళ్లు చెప్పారని పేరో హోదానో పెట్టి చెప్పింది రెండో గడిలో, ఎవరు చెప్పారో తెలియకుండా చెప్పింది మూడో గడిలో. పది నిమిషాల లైవ్ చాలు. తర్వాత అదే సంఘటన మీద మీరు ఫోన్‌లో రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేసుకుని, దానికీ అవే గళ్లు గీయండి. మూడో గడి నిండితే కంగారు పడకండి, నాదీ నిండింది మొదట్లో. రెండు కాగితాలూ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.